వెనక కుదుపు నివారణ పథకం

నాగరిక ప్రపంచంలో రోడ్లు రెండు రకాలు. బాగుచేసిన రోడ్లు, సంజాయిషీ ఇచ్చిన రోడ్లు. మొదటి రకానికి కంకర, తారు, మనుషులు, ఎండలో నిలబడే ఓపిక కావాలి. రెండో రకానికి ఒక కుర్చీ, ఒక ప్రింటరు చాలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ లోపలి ప్రాంతంలో ఉన్న ములంగారీ షైర్ (అంటే జిల్లా) పాలకమండలి బాగా ఆలోచించి రెండో రకాన్ని ఎంచుకుంది.

ఎంచుకుని ఒక తీర్మానం చేసింది. రోడ్డు కదలదు. కదిలేది బండి. కాబట్టి కుదుపు అనేది బండి లక్షణం తప్ప రోడ్డు లక్షణం కాదు. (తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ సమావేశానికి సభ్యులందరూ విమానంలో వచ్చారు.)

నెవిల్ ట్రెంబాత్‌కు ఈ సంగతి ఆగస్టు మొదటి సోమవారం దాకా తెలియదు.

నెవిల్‌కు అరవై ఏడేళ్లు. ముప్ఫై ఏళ్లపాటు గొర్రెల పొలాలకు కంచెలు వేశాడు. ఇనుప గుంజలు, తీగ చుట్టలు, నీళ్ల పీపా అన్నీ కలిపి టన్నుకు దగ్గర బరువు అతని యూట్ అనే చిన్న ట్రక్కు వెనక తొట్టిలో ఎప్పుడూ ఉండేది. ఆ బరువుకు బండి కుంగిపోకుండా వెనక ఇరుసు మీద కమాన్ (స్ప్రింగు) కట్టలకు చెరో రెండు పట్టాలు అదనంగా వేయించాడు. ఐదు ఉండాల్సిన చోట ఏడు. బరువుతో ఉన్నన్నాళ్లూ ఆ బండి పడవలా సాగింది. పోయినేడు పని మానేసి, సామానంతా అమ్మేశాక, ఖాళీ తొట్టితో హైవే ఎక్కాడు. గంటకు తొంభై దాటేసరికి వెనక చక్రాలు నేలను విడిచి నేలను వెతుక్కోవడం మొదలుపెట్టాయి. తొట్టిలో నిలబడే కుక్క మేజర్ మొదటి పది మైళ్లలో రెండుసార్లు గాల్లోకి లేచి, మూడోసారి లేవకముందే ఉద్యోగానికి రాజీనామా చేసింది. ఇప్పుడు యూట్ స్టార్టయితే మంచం కిందకు పోతుంది.

కుక్కకు మంచం ఉంది. యూట్ ఎక్కక తప్పని కోరల్‌కు దాక్కునే చోటు లేదు.

కోరల్ నెవిల్ భార్య. ఆమె నడుములో ఒక డిస్కు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ చేసే ఆస్పత్రి రెండువందల నలభై కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున, పోర్ట్ ఎలరీలో ఉంది. ఏప్రిల్‌లో ఒకసారి బయల్దేరారు. దారిలో తగిలిన కుదుపులకు కాలు మొద్దుబారి, బీపీ కొండెక్కి, ఆస్పత్రి చేరేసరికి కోరల్‌ను బల్ల మీద పడుకోబెట్టడం కూడా కుదరలేదు. డాక్టరు వాయిదా వేసి, సెప్టెంబరు పంతొమ్మిదిన రమ్మన్నాడు. ఈసారి కూడా ఇదే స్థితిలో వస్తే పేరు జాబితా చివరికి పోతుంది, అంటే పధ్నాలుగు నెలలు. అంతకుముందే ఒక్క గట్టి కుదుపు పడితే ఆ కాలు ఇక పనిచేయకపోవచ్చు.

అంబులెన్సును అడిగారు. కోరల్ నడవగలదు కాబట్టి ఆమెకు అర్హత లేదని చెప్పారు. యూట్‌లో వెళ్లి, నడవలేని స్థితి వస్తే, అప్పుడు అర్హత వస్తుంది. వారానికొక బస్సు ఉంది కానీ అది మంగళవారాల్లో మాత్రమే వస్తుంది, పైగా దాని వెనక సీట్లలో కూర్చున్నవాళ్లే నెవిల్ యూట్‌ను చూసి అసూయపడతారు. ఇరుగుపొరుగు అందరికీ ఉన్నవి యూట్‌లే. అన్నిటికీ అవే కమాన్లు.

ఇంకా నలభై ఆరు రోజులు.

డెస్పినా కలాఫాటిస్ వాళ్ల నాన్న కాలం నుంచి ములంగారీలో గ్యారేజీ నడుపుతోంది. యూట్ కింద పడుకుని, టార్చి వేసి, అయిదు నిమిషాల్లో బయటికి జరిగింది.

"ముసలోడా, నీ బండికి జబ్బేం లేదు. నువ్వు రిటైరయ్యావన్న సంగతి దీనికింకా ఎవరూ చెప్పలేదు, అంతే."

"మరి ఆ ఎగురుడు?"

"టైర్లలో గాలెంత పెడుతున్నావ్?"

"అరవై."

"ఖాళీ బండికి అరవయ్యా? రాళ్లు పెట్టినా అంత గట్టిగా ఉండవు కదయ్యా!"

"ముప్ఫై ఏళ్లుగా అంతే పెడుతున్నా."

"ముప్ఫై ఏళ్లూ టన్ను మోశావు మరి." డెస్పినా అప్పటికే వెనక టైరు దగ్గర చతికిలబడి గాలి తీసేస్తోంది. "ముప్ఫై రెండు చాలు. షాక్ అబ్జార్బర్లు చచ్చి ఎన్నాళ్లయిందో, అవి మారుస్తా. కమాన్ కట్టల్లోంచి చెరో రెండు పట్టాలు లాగేస్తే, కోరల్ ఒళ్లో గుడ్లబుట్ట పెట్టుకుని పోర్ట్ ఎలరీ వెళ్లొచ్చు. మధ్యాహ్నం తిండికి ముందే అయిపోద్ది."

"ఇంకేం, లాగెయ్!"

డెస్పినా పానా అందుకోలేదు. డ్రైవరు తలుపు తెరిచి, తలుపు అంచున రివిట్లు కొట్టి ఉన్న చిన్న రేకు చూపించింది. దాని మీద ఏడు అని ఉంది.

"ఏంటిది?"

"నీ బండి జాతకం. పోయిన తనిఖీలో కొట్టారు. కట్టకు ఏడు పట్టాలని రాసుంది కదా, ఏడే ఉండాలి."

"వేయించినప్పుడు నేనెవర్నీ అడగలేదే!"

"అప్పుడు అడగాలన్న రూలు లేదు. తర్వాత వచ్చి, ఉన్నది ఉన్నట్టు రాసి రేకు కొట్టేశారు. తప్పు చేయడానికి పర్మిషనక్కర్లా. సరిచేయడానికి కావాలి. నేను చెయ్యేస్తే నా లైసెన్సు పోద్ది. షైర్ ఆఫీసుకెళ్లు. క్రిస్పిన్ అని ఒకడుంటాడు. చాలా మంచోడు."

"మంచోడైతే ఇంకేంటి బాధ?"

"అదే బాధ," అంది డెస్పినా.

క్రిస్పిన్ డన్‌స్టన్ హోదా ప్రాంతీయ కుదుపుల సమన్వయాధికారి. ముప్ఫై అయిదేళ్లవాడు. నారింజరంగు చొక్కా, దానిమీద వెలుగుపడితే మెరిసే పట్టీలు, ఏసీ గదిలో. ఎదురుగా గోడమీద షైర్ పటం ఉంది. అందులో హైవే ఒక్క వంకర లేకుండా, ఆకుపచ్చగా ఉంది.

"నెవ్! రండి రండి! ఎలా ఉన్నారు గురూ?"

వాళ్లు కలవడం అదే మొదటిసారి. (ఈ దేశంలో ఆఫీసులు మనిషిని ఇంటిపేరు పెట్టి దూరం చేయవు. ముద్దుపేరు పెట్టి పిలిచి కాదంటాయి.)

నెవిల్ మొత్తం చెప్పాడు. కోరల్ నడుము, పంతొమ్మిదో తారీకు, పట్టాలు, రేకు. క్రిస్పిన్ కళ్లలో నిజంగానే బాధ కనిపించింది. వాళ్లమ్మకూ నడుమునొప్పేనట.

"ఇలాంటి వాళ్లకోసమే కదా నెవ్, మేం వెనక కుదుపు నివారణ పథకం పెట్టింది! ముందు మీ బండి కుదుపును నమోదు చేయించుకోవాలి. ఆఫీసుకు కూడా రానక్కర్లేదు. ఫోన్లోనే. 'సాఫీ' అని యాప్ ఉంది. బండి నడుస్తుంటే ఫోన్ను క్యాబిన్‌లో పెట్టండి, అదే కొలిచి, అదే పంపేస్తుంది."

ఆ సాయంత్రం నెవిల్ ఒక్కడే హైవే మీదకు వెళ్లి యాప్ తెరిచాడు. గంటకు తొంభై. వెనక భాగం లేచింది, పడింది. తెరమీద అక్షరాలు వచ్చాయి: 'ఫోను కదులుతోంది. కొలత సాధ్యం కాదు. దయచేసి కదలకుండా పట్టుకుని మళ్లీ ప్రయత్నించండి.'

మళ్లీ ప్రయత్నించాడు. పంతొమ్మిది సార్లు ప్రయత్నించాడు. ఇంటికొచ్చి కోరల్‌కు చెప్పాడు. ఆమె వంటింటి నేలమీద వెల్లకిలా పడుకుని ఉంది. ఈమధ్య ఆమెకు సుఖంగా ఉండేది ఆ ఒక్క చోటే.

"బండి ఆపి చూడకపోయావా?" అంది నవ్వు ఆపుకుంటూ.

"వెటకారమా?"

"నడుం నొప్పి నెవ్, నోటికి కాదు."

మర్నాడు పొద్దున ఇంటిముందు నిలిపి ఉన్న యూట్‌లో ఫోను పెట్టి చూశాడు. యాప్ వెంటనే ఒప్పుకుంది. 'కొలత విజయవంతం. మీ వాహనం కుదుపు: సున్నా. అభినందనలు నెవ్!' అని చెప్పి, ఆపేలోపే ఆ నివేదికను షైర్ ఆఫీసుకు పంపేసింది.

ఇంకా ముప్ఫై ఎనిమిది రోజులు.

క్రిస్పిన్ ఏమాత్రం విసుక్కోలేదు. యాప్‌తో అందరికీ ఇలాగే అవుతోందనీ, అందుకే స్వయంగా పరీక్షించే సదుపాయం కూడా పెట్టామనీ చెప్పాడు. వారం తర్వాత ఒక తేదీ ఇచ్చాడు. ఆ రోజు నెవిల్ యూట్‌ను షైర్ ఆఫీసు వెనక్కి తీసుకెళ్లాడు. గొలుసు వేసిన గేటు తీశారు. లోపల నాలుగువందల మీటర్ల రోడ్డు. నల్లగా, నునుపుగా, మధ్యలో తెల్లగీతతో, ఎటునుంచి మొదలవుతుందో ఎక్కడికి పోతుందో తెలియకుండా, మోడు పొదల మధ్య వంగపండులా మెరుస్తోంది.

నెవిల్ ముప్ఫై ఏళ్లుగా ఆ షైర్‌లో బండి నడుపుతున్నాడు. ఇలాంటి రోడ్డు ఉందని తెలియదు.

"ఇదెప్పుడేశారు?"

"రెండేళ్లయింది. హైవే మరమ్మతు నిధితోనే," అన్నాడు క్రిస్పిన్ గర్వంగా. "ప్రమాణం అంటూ ఒకటి ఉండాలి కదా నెవ్. గతుకుల రోడ్డుమీద కొలిస్తే అది బండి కుదుపో రోడ్డు కుదుపో ఎలా తెలుస్తుంది?"

"రోడ్డుకు కుదుపు ఉండదని తీర్మానం చేశారుగా?"

"ఉండదు. అందుకే ఇక్కడ కొలవడం."

నెవిల్ ఆ చివరినుంచి ఈ చివరికి నడిపాడు. తొంభై. వంద. యూట్ వెన్నలా జారిపోయింది. నెవిల్‌కు చిన్న పిల్లాడిలా ఏడుపొచ్చింది. క్రిస్పిన్ అట్టమీద కాగితం పెట్టి నింపాడు. కుదుపు కనిపించలేదు. లేని కుదుపును తగ్గించడానికి పట్టాలు తీయనివ్వడం నిబంధనలకు విరుద్ధం. దరఖాస్తు తిరస్కరించడమైనది. చివర్లో చేత్తో ఒక నవ్వుమొహం గీశాడు.

నెవిల్ అప్పీలు చేశాడు. అప్పీలుకు డాక్టరు ఉత్తరం జతపరిచాడు. 'రోగి గతుకుల రోడ్డుమీద ప్రయాణించరాదు' అని ఉంది అందులో. అప్పీలు విన్నది కూడా క్రిస్పినే. (నిష్పక్షపాతంగా ఉండడం కోసం ఆ రోజు వేరే కుర్చీలో కూర్చున్నాడు.)

"ఉత్తరం బాగుంది నెవ్. కానీ చిక్కేమిటంటే, మన రిజిస్టరు ప్రకారం ములంగారీనుంచి పోర్ట్ ఎలరీ దాకా గతుకుల్లేవు. గుంతలు అసలే లేవు. లేనిదాన్ని ఉత్తరంలో పెట్టి డాక్టరుగారు రాసిచ్చారు. అది సరిచేయించుకు రాగలరా?"

"డాక్టరు పోర్ట్ ఎలరీలో ఉంటాడయ్యా. సరిచేయించాలంటే ఆ రోడ్డు మీదే పోవాలి."

"సాఫీగా ఉంటుంది, వెళ్లిరండి."

"గుంతల్లేవని కొలిచిందెవరు?"

"నేనే. ప్రతి మూణ్నెల్లకూ మన ఆఫీసు కార్లో వెళ్తా. గాలి తిత్తుల సస్పెన్షను ఉన్న బండి. డాష్‌బోర్డు మీద కాఫీ కప్పు పెడతాం. పోర్ట్ ఎలరీ చేరేదాకా ఒక్క చుక్క ఒలక్కపోతే రోడ్డు బాగున్నట్టు లెక్క. ఇంతవరకూ ఒలకలేదు."

నెవిల్ బల్లమీదున్న కప్పు చూశాడు.

"దానికి మూత ఉంది."

"మూత లేకపోతే ఒలికిపోదూ?" అన్నాడు క్రిస్పిన్ ఆశ్చర్యంగా.

ఇంకా పదమూడు రోజులు. కోరల్ ఎడమకాలి బొటనవేలు కదలడం మానేసింది. వంటింటి నేలమీద పడుకుని, పొయ్యిమీదున్న మాంసం కూర ఎప్పుడు కలపాలో నెవిల్‌కు చెబుతూ, ఆ మాట మామూలు కబురులా చెప్పింది.

నెవిల్ గరిటె కిందపెట్టి, నేరుగా డెస్పినా గ్యారేజీకి వెళ్లాడు.

"లైసెన్సు గిసెన్సు నాకు తెలీదు. పట్టాలు లాగెయ్ డెస్."

"లాగుతా. కానీ పోర్ట్ ఎలరీ దారిలో బండ్లు తూచే కాటా దగ్గర రేకు చూసి, పట్టాలు లెక్కపెట్టి, బండిని అక్కడే ఆపేస్తారు. కోరల్‌ను భుజాన వేసుకుని నడుస్తావా?" డెస్పినా చేతులు తుడుచుకుంది. "తీయడం కుదరకపోతే దాన్ని మోసపుచ్చు. నువ్వింకా కంచెలేస్తున్నావనుకోవాలి ఆ కమాన్లు. తొట్టిలో బరువు వెయ్. ఓ నాలుగొందల కిలోలు. వెనక అంచుకు కాదు సుమా, ముందుచక్రాలు తేలిపోతాయ్. క్యాబిన్ గోడకు ఆనించి, ఇరుసుకు ముందు, గట్టిగా కట్టు. వేసి చూడు, పిల్లిలా నడుస్తది."

"ఇసుక బస్తాలు వేస్తా."

"సొంత ఇసుక చెల్లదు. బరువుకు సర్టిఫికెట్ ఉండాలి. షైర్ డిపోలో ఇస్తారు. అక్కడికెళ్లాక నవ్వకు. నవ్వితే కోపమొస్తది వాళ్లకి."

డిపో రైలు పట్టాల అవతల ఉంది. నెవిల్ దరఖాస్తు నింపి ఇచ్చాడు. ఇరవై బస్తాలు, ఒక్కోటి ఇరవై కిలోలు, ఒక్కోదానికి ఒక నంబరు. యూట్‌ను కాటా మీద ఒకసారి ఖాళీగా, ఒకసారి బస్తాలతో తూచారు. వెళ్లేటప్పుడు ఎంత బరువుందో వచ్చేటప్పుడూ అంతే ఉండాలని సంతకం పెట్టించుకున్నారు. నెవిల్ తాడు బిగిస్తూ బస్తామీద అచ్చు చదివాడు.

'ములంగారీ హైవే మరమ్మతు కంకర.'

మెల్లగా తలెత్తి చూశాడు. డిపో వెనక టార్పాలిన్ల కింద కొండల్లా బస్తాలు. ఇన్నాళ్లూ హైవే మీద ఎదురొచ్చిన యూట్‌ల తొట్టెల్లో, క్యాబిన్ గోడకు ఆనించి, తాళ్లతో కట్టి కనిపించిన ఆ బూడిదరంగు బస్తాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గుంతలు పూడ్చడానికి కొన్న కంకర, గుంతల మీదుగా, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో, ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ తిరుగుతోంది. షైర్ నివేదికలో దీన్ని 'హైవే మీద కంకర వినియోగం' అని రాశారు. నూరుశాతం.

నెవిల్ నవ్వలేదు. అతనికి నవ్వు రాలేదు.

పద్దెనిమిదో తారీకు పొద్దున బయల్దేరారు. డెస్పినా చెప్పింది నిజమే. నాలుగువందల కిలోల బరువు పడేసరికి కమాన్లు పాతరోజులు గుర్తొచ్చినట్టు కుదుటపడ్డాయి. ఎగురుడు పోయింది. కోరల్ సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది.

కాకటూ వాగు దగ్గరపడేదాకా అలాగే సాగింది. వాగుకు ఇవతల ఆరు కిలోమీటర్ల మేర రోడ్డు రోడ్డులా ఉండదు. ఆ జిల్లాలో గుంతలకు పేర్లుంటాయి. ఎవరు షైర్ అధ్యక్షుడిగా ఉండగా పడిందో వాళ్ల పేరే ఆ గుంతకు.

"హెండర్సన్ వస్తున్నాడు," అన్నాడు నెవిల్, బండి నడకకు తెచ్చి.

"పక్కనుంచి పో."

"పక్కన వాళ్లావిడ ఉంది."

బరువు ఎగురుడును ఆపుతుంది కానీ గుంతను ఆపదు. కోరల్ చేతిరుమాలు మడిచి పళ్లమధ్య పెట్టుకుంది. ఆరు కిలోమీటర్లకు గంటంబావు పట్టింది. అవతలి ఒడ్డు చేరాక రుమాలు తీసి చూసుకుంటే చిల్లులు పడి ఉంది.

కానీ చేరారు. బీపీ హద్దులోనే ఉంది. పంతొమ్మిదిన ఆపరేషన్ జరిగింది. సాయంత్రం బొటనవేలు కదిలింది. నెవిల్ ఆ వేలిని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"వేలు నాకివ్వవా, నేను కూడా చూసుకుంటాను," అంది కోరల్ మత్తుగా.

డాక్టరు నెవిల్‌ను బయటికి పిలిచాడు. "పది రోజుల తర్వాత తీసుకెళ్లొచ్చు. కానీ వచ్చినట్టు వెళ్తే కుదరదు. లోపల కుట్లు పచ్చిగా ఉంటాయి. ఇప్పుడు గట్టి కుదుపు తగిలితే చేసిందంతా వృథా. ఆరువారాలకు చెకప్, నవంబరు మొదటి సోమవారం. అప్పుడు కూడా అంతే జాగ్రత్త."

నెవిల్ మర్నాడు ఒంటరిగా ఇంటికి బయల్దేరాడు. కాకటూ వాగు దాటాక బండి ఆపాడు. కంచెపని సామానంతా అమ్మేశాడు కానీ రెండు వస్తువులు సీటు వెనకే ఉంచుకున్నాడు. ఒక పార, గుంజ చుట్టూ మట్టి దిగ్గొట్టే దిమ్మిస. మొదటి బస్తా తాడు విప్పాడు.

కంచె గుంజ పాతేవాడికి గుంత పూడ్చడం ఒకరు నేర్పక్కర్లేదు. అంచులు నిలువుగా చెక్కాలి. అడుగున తడపాలి. అరజానెడు కంకర, దిమ్మిస. మళ్లీ అరజానెడు, మళ్లీ దిమ్మిస. ఒకేసారి నింపి తొక్కితే పదిరోజుల్లో లేచిపోతుంది. ఇరవై బస్తాలూ అయ్యేసరికి హెండర్సన్, వాళ్లావిడ, ఇంకో పదిమంది మాజీ అధ్యక్షులు నేలమట్టమయ్యారు. కానీ ఇంకా అయిదు కిలోమీటర్లుంది. నెవిల్ బండికి ఆనుకుని నీళ్లు తాగుతుంటే ఒక యూట్ ఆగింది. తొట్టిలో ఇరవై బస్తాలు.

"ఏం చేస్తున్నావ్ నెవ్?"

"బరువు దించుకుంటున్నా. కోరల్‌ను పది రోజుల్లో తేవాలి."

వచ్చినవాడు ఆ పూడ్చిన గుంతలు చూశాడు. తన బస్తాలు చూశాడు. దిగి, తొట్టి వెనక తలుపు దించాడు.

తర్వాత ఇంకో యూట్ ఆగింది. ఇంకోటి ఆగింది. నెవిల్ ఇంటికి కూడా పోకుండా రాత్రుళ్లు తొట్టిలోనే పడుకున్నాడు. ఆ వారమంతా పగటిపూట ఎవరో ఒకరు అక్కడ ఉన్నారు. మొత్తం పదమూడు యూట్‌లు, రెండువందల అరవై బస్తాలు. దిమ్మిస ఒకటే కాబట్టి వంతులేసుకున్నారు.

సెప్టెంబరు ముప్ఫైన కోరల్ అదే దారిన ఇంటికొచ్చింది. నెవిల్ ఖాళీ యూట్‌నే నింపాదిగా నడిపాడు. కాకటూ వాగు దగ్గర ఆమె నిద్రపోతోంది. అతను లేపలేదు.

కాటా దగ్గర క్రిస్పిన్ నిలబడి ఉన్నాడు. మెరిసే చొక్కాకు మొదటిసారి ఎండ తగులుతోంది.

"కోరల్! ఎలా ఉంది నడుం? బాగుందా? హమ్మయ్య!" అని మనస్ఫూర్తిగా సంతోషించి, తర్వాత తూకం చీటీ చూశాడు. "నెవ్, నాలుగొందల కిలోలు తక్కువొచ్చింది. కంకరేది?"

"రోడ్డు మీద."

"రోడ్డు మీద ఎక్కడ?"

"గుంతల్లో."

క్రిస్పిన్ రిజిస్టరు తెరిచాడు, వేలుపెట్టి పై నుంచి కిందిదాకా చూశాడు, మూశాడు.

"గుంతల్లేవు నెవ్."

"ఇప్పుడు లేవు."

"ఎప్పుడూ లేవు. లేని గుంతలో కంకర ఎలా పడుతుంది? పట్టదు. అంటే అది రోడ్డు పైన ఉన్నట్టు. రోడ్డు పైన కంకర ఉంటే అది అడ్డంకి. పైగా ప్రభుత్వ బరువు. మిమ్మల్ని నేనేం అనను, మీరు మంచివాళ్లు. కానీ రోడ్డును రిజిస్టరులో ఉన్న స్థితికి తేవాలి కదా."

"ఓ అబ్బాయ్," అంది కోరల్, కళ్లు తెరిచి. "రిజిస్టరులో గుంతల్లేవన్నావు. ఇప్పుడు రోడ్డుమీదా లేవు. రెండూ కలిశాయి. ఇంకేం తేస్తావ్?"

క్రిస్పిన్ రిజిస్టరు మళ్లీ తెరిచి, రోడ్డు వైపు చూశాడు. ఆ ఒక్క నిమిషం అతను దాదాపు ఒప్పుకున్నట్టే కనిపించాడని నెవిల్ తర్వాత డెస్పినాతో అన్నాడు.

"కలిశాయి, నిజమే," అన్నాడు చివరికి. "కానీ కంకర బస్తాల లెక్క కలవలేదు."

అక్టోబరు ఆఖరి వారంలో కాకటూ వాగు దగ్గరికి షైర్ పనివాళ్లు వచ్చారు. పద్దెనిమిది మంది, రెండు తవ్వే యంత్రాలు, ఒక జల్లెడ, ఒక త్రాసు, ట్రాఫిక్ ఆపడానికి ఎర్రజెండాతో ఒక అమ్మాయి. కంకరను గుంతగుంతనా తవ్వి తీశారు. మట్టి జల్లించారు, కడిగారు, ఆరబెట్టారు. ఇరవై కిలోల చొప్పున తూచి, బస్తాలకెత్తి, మూతులు కుట్టి, పాత నంబర్లే వేశారు. రెండువందల అరవై బస్తాలూ ఒక్క గుప్పెడు తేడా లేకుండా డిపో చేరాయి. నెవిల్ ఫోనుకు కబురొచ్చింది: 'హాయ్ నెవ్! మీ చెకప్ ప్రయాణానికి బరువు సిద్ధంగా ఉంది. వచ్చి తీసుకెళ్లండి!'

పని గడువు శనివారం. శుక్రవారానికే ముగించారు, కోరల్ చెకప్‌కు మూడు రోజుల ముందు. పదకొండేళ్లలో ఆ హైవే మీద గడువులోపల పూర్తయిన పని అదొక్కటే.